పిచ్చుక నోరు విప్పలేదు

నవంబరు 16, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

పెద్దక్క ఆశీస్సులు. ఫోనులో నీ కోపం ముందు నా మాట సాగడం లేదు. అందుకని రాస్తున్నాను. కూర్చుని చదువు.

ఆ మంగళవారం అన్ని రోజుల్లాంటిదే. ప్రార్థన ముగించి లేచేసరికి నీ కూతురు యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ గోడతో కూడా కబుర్లు చెబుతోంది. పిచ్చుక అని ఊరికే పేరు పెట్టామా! దగ్గు తగ్గడం లేదని డాక్టరు నాకు ఎక్స్-రే రాశారు. నా దగ్గరుండి పిచ్చుక ఎక్స్-రే ట్రైనింగు చేస్తున్న ఆసుపత్రే కనుక ఇద్దరం ఒకే బస్సులో వెళ్లాం.

ఎక్స్-రే గదిలో అది వేరే మనిషి. చీటీ చూసుకుంటూ, "మీ పేరు చెప్పండమ్మా" అంది. మేనత్త పేరు మరిచిపోయావుటే అన్నాను. "ఎవరినైనా అడగాల్సిందే పెద్దత్తా. ఒకరి ఫిల్ము ఇంకొకరి పేరున వెళ్తే ప్రాణం మీదికొస్తుంది" అంది. గొలుసు, పిన్నులు తీయించింది, లోహమంతా ఫిల్ములో పడుతుందట. గౌను ఇచ్చి, నేను మార్చుకునేదాకా అటు తిరిగి నిలబడింది. చల్లటి పలకకు నా ఛాతీ ఆనించి, రెక్కల ఎముకలు ఊపిరితిత్తులకు అడ్డం రాకుండా భుజాలు ముందుకు వంచింది. సీసం అద్దం వెనక్కి వెళ్లి, ఊపిరి పీల్చి బిగబట్టమంది.

బిగబట్టాను. వదలమనడం మరిచిపోయింది. చివరికి పక్కనున్న సీనియరు మేడం చెప్పారు వదలమని.

ఏదో ఉందని నాకప్పుడే తెలిసింది. ఏముందే అని అడిగాను.

"తీయడం వరకే నా పని. చూసి చెప్పేది డాక్టరుగారు" అంది పిచ్చుక. ఆ సాయంత్రం నువ్వు ఫోన్ చేస్తే నీకూ అదే జవాబు. తర్వాత స్కాన్ కూడా చూసి, ఊపిరితిత్తిలో గడ్డ ఉందని, చిన్నదేనని, తీసేయాలని డాక్టరు శుక్రవారం చెప్పారు. నువ్వు దాని మీద విరుచుకుపడ్డావు. కన్నతండ్రి దగ్గర దాచినదానికి చదువెందుకు, మాన్పించేస్తానన్నావు. అప్పటినుంచి అది అన్నం కెలికి లేస్తోంది.

నిన్న సాయంత్రం చెల్లెలు, మరిది వచ్చారు. చెల్లెలిది నీ పాటే. "మనింటి పిల్లవి, మనకే చెప్పకపోతే ఆ ఉద్యోగం ఎవరి కోసమే?" అని దులిపేసింది. మరిది కలగజేసుకుని, "మీ అక్కే ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని ఉంటుంది, పాపం అదేం చేస్తుంది?" అన్నాడు. దాంతో అందరూ చల్లబడ్డారు.

చివరికి అనుకున్నది ఇది. గురువారం నాకు ఆపరేషన్. చెల్లెలు నా దగ్గర ఉంటుంది. పిచ్చుక సెలవు పెట్టదు, చదువూ మానదు. నీకు నచ్చజెప్పే పని నాది.

మిగతాది దేవుడి చేతిలో ఉంది. భయం లేదు.

నీ పెద్దక్క

తా.క. ఇంట్లో గొడవ సద్దుమణిగితే చాలని మరిది మాట కాదనలేదు. నీకు మాత్రం నిజం తెలియాలి. నేను ఏ ఒట్టూ వేయించుకోలేదు. ఆ గదిలో దాని చెయ్యి పట్టుకుని, నా చేతుల్లో పెరిగినదానివి, నాకొక్కదానికి చెప్పవే అని బతిమాలాను. ఏడ్చాను కూడా. నా కళ్లు తుడిచింది, డాక్టరు గది గుమ్మం దాకా చెయ్యి వదలకుండా నడిపించింది. చెప్పలేదు. క్షమించానని దానికి ఫోన్ చేయకు, తమ్ముడూ. నువ్వు నా కూతురివి అని గర్వంగా చెప్పు.