నిలబడే చోటు

సికింద్రాబాద్ పద్మారావు నగర్ నివాసిని, కీర్తిశేషులు బిక్షం గారు సాదుకున్న బిడ్డను, పుష్పమ్మ అనే నేను రాయించిన వీలునామా. మధ్యాహ్నం కునుకుల ఎక్కడెక్కడో తిరిగొస్త గానీ, ఇది రాయించేటప్పుడు నా బుద్ధి నా దగ్గరే ఉంది. ఎవరి బలవంతం లేదు.

1. ఇంట్ల నా సగం వాటా నా తదనంతరం చెల్లె కల్పలతకు సర్వహక్కులతో చెందాలె. ఎందుకో సుత రాయిస్తున్న.

బాపు నన్ను స్టేషన్ల ఏడుస్తుంటే ఎత్తుకొచ్చి సాదిండు. దత్తత కాయితం లేదు. కల్పలత ఆయన కన్నబిడ్డ. బాపు పోయినంక కల్పలత పెనిమిటి హరికిషన్ ఇల్లు అమ్మజూస్తే, ఆపమని నేను కోర్టుకు పోయిన. నాకు 'లోకస్ స్టాండి' లేదన్నడు వాళ్ల వకీలు. పైన ఫ్యాన్ మెల్లగ తిరుగుతుంది, కిటికీల పావురాలు కునుకుతున్నయ్. ఆ మాట నాకు రైలు ఆగకుండ దాటిపోయే ఏదో ఊరి పేరు లెక్క వినబడ్డది.

వరండాల మా వకీలు మేబెల్‌ను అడిగిన, గదేందమ్మా అని.

"లాటిన్ మాట, పుష్పమ్మా. నిలబడే చోటు అని. ఈ కేసు వేసే హక్కే నీకు లేదంటున్నరు. నువ్వు ఆ ఇంటి బిడ్డవే కాదంట."

పక్క బెంచీ మీది కల్పలత లేచి వచ్చింది. "గట్లనా ఆ కాయితంల రాసింది? మా ఆయన పెట్టమంటే సంతకం పెట్టిన."

మళ్ల కేసు పిలవంగనే జడ్జి ముందట నిలబడ్డది. "అక్క ఏలు పట్టుకొనే నేను నిలబడుడు నేర్చుకున్న సార్. ఆమెకు చోటు లేదంటే నాకు సుత వద్దు." ఏడ్చుకుంటనే చెప్పింది. రాజీ అయ్యి, ఇల్లు ఇద్దరం చెరి సగం రాసుకున్నం.

2. హరికిషన్ అప్పటిసంది నాతో మాట్లాడడు. నా పేము కుర్చీ ఆయనకు. జెర కూసోని ఆలోచించుకోవాలె.

3. ఈ వీలునామా అమలు చూసే బాధ్యత మేబెల్‌ది. నా ముత్యాల కమ్మలు ఆమెకు. ఆమె నేర్పిన మాటలన్నీ వాపస్. 'సైన్ డై' ఒక్కటి ఉంచుకుంట. తేదీ చెప్పకుండ వాయిదా ఏసుడంట. కండ్లు మూసుకొని ఆ మాట అనుకుంటే పడవల పండుకున్నట్టు ఉంటది.

4. నేను పోయినంక కాయితాలల్ల బంధుత్వం అడుగుతరు. కల్పలత నా చెల్లె అని రాయాలె. పక్కకు ఇంకో మాట కలపొద్దు.

సికింద్రాబాద్, 9 ఆగస్టు 2025.

(సంతకం) పుష్పమ్మ

మా కండ్ల ముందు చదివించుకొని సంతకం చేసింది. సాక్షులు:
ఆషర్, నేరేడ్‌మెట్
రజిత, పద్మారావు నగర్