తప్పుల భోజనం ఇక ఎవరి చేతి మీదుగా జరగాలంటే

గిడ్డంగి కార్మికుల క్యాంటీన్‌లో ముప్పై ఒక్క ఏళ్లు వంట పెద్దగా పనిచేసి, ఊరందరిచేతా పెద్దమ్మ అనిపించుకున్న నేను, డెబ్బై మూడో ఏట, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. మోకాళ్లు నా మాట వినడం మానేశాయి గానీ బుర్ర పాదరసంలా ఉంది. నమ్మనివాళ్ల కోసం డాక్టరుగారి కాగితం జత చేశాను. ఇంతకుముందు ప్రేమలో ఎవరికేం ఇస్తానన్నా, కోపంలో ఎవరికేం ఇవ్వనన్నా, ఆ మాటలన్నీ దీంతో రద్దు.

1. నేనుంటున్న రెండు గదులు, వంటగది, వెనక వరండా నా కొడుక్కీ కూతురికీ చెరి సగం. ఇద్దరూ కలిసి వాడుకోవాలి. వంటగది మధ్యలో గోడ లేపాలన్న ఆలోచన ఎవరికైనా వస్తే వాళ్ల వాటా రెండోవాళ్లకు పోతుంది.

2. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత ఎదురింటి దర్జీది. నా జాకెట్టు ఒక్కటి కూడా చెప్పిన రోజుకి ఇవ్వని మనిషి, ఈ ఒక్క పనైనా ఆలస్యం చేయకూడదు. నేను పోయాకే కవరు విప్పాలని ముందే చెప్పి ఉంచాను.

3. తప్పుల భోజనం గురించి. ఏడాది చివరి సెలవుల్లో మొదటి ఆదివారం మన ఇంట్లో పోయినవాళ్ల వంటలు వండుకుని అందరం కలిసి తింటాం. ఎవరి వంట వాళ్ల తప్పుతోనే వండాలి. ఈ పద్ధతి నేను పెట్టింది, గొప్పగానే చెప్పుకుంటాను.

మా అమ్మకు చూపు మందగించాక గుమ్మడికాయ చెక్కు తీయడం సరిగ్గా వచ్చేది కాదు. కూరలో తొక్క పంటి కింద పడేది. ఆమె పోయిన ఏడాది నేను క్యాంటీన్ పనితనమంతా చూపించి, చెక్కు పూర్తిగా తీసి, ఆ కూర వండాను. అప్పటికి ఏడేళ్లున్న నా కూతురు కంచమంతా కెలికి, అమ్మమ్మ తొక్క ఏదని అడిగి ఏడుపు లంకించుకుంది. నాకూ ఆగలేదు, వంటగదిలోకి వెళ్లి ఏడ్చాను. మర్నాడు తొక్కతో మళ్లీ వండాను. అప్పుడు తిన్నది అమ్మ కూర.

మా ఆయన ప్రెస్సులో అచ్చుతప్పులు దిద్దేవారు. లోకం తప్పులన్నీ పట్టుకునే మనిషి, ఇంట్లో పేపరు చదువుతూ కూర్చుని రొట్టె అడుగు మాడ్చేవారు. ఇరవై రెండేళ్ల కాపురంలో మాడని రొట్టె ఒక్కటీ తినలేదు నేను. ఆయన పోయినప్పటి నుంచీ ఆ రొట్టె కూడా తప్పుల భోజనంలో చేరింది.

4. నా ఆడపడుచుకి రొట్టె కాల్చే రేకు. తన అన్నయ్య పరువు తీస్తున్నానంటూ ఒక ఏడాది బజారు నుంచి బంగారు రంగు రొట్టె తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పదకొండు నెలలు ఆమెతో మాట్లాడలేదు నేను. అందులో నా తప్పేమీ లేదని ఇప్పటికీ అంటాను. కానీ మరుసటి ఏడాది తనే వచ్చి, మాడిన ముక్క అడిగి వేయించుకుని, ముక్కు చీదుకుంటూ తినేసింది. అందుకే రేకు ఆమెకే చెందాలి. తోమి మెరిపించిందని తెలిస్తే వెనక్కి తెచ్చేయండి.

5. నా కూతురికి అమ్మమ్మ కత్తి. మొద్దుబారిపోయి ఉంటుంది, సానపట్టించకమ్మా. ఆ రోజు కంచంలో తొక్క వెతికింది నువ్వే కాబట్టి అది నీదే.

పెద్ద గరిటె కూడా నీకే వస్తుందని అనుకుంటున్నావని నాకు తెలుసు. గరిటె దక్కినవాళ్లే తప్పుల భోజనం నడిపిస్తారు మరి. అలిగితే అలుగు, కానీ కింద రాసింది చదివాక అలుగు.

6. పెద్ద గరిటె, చేపల కూర గిన్నె, తప్పుల భోజనం పెత్తనం నా కోడలికి.

అవును, కోడలికే. పొయ్యి దగ్గర తారట్లాడుతుందని నేను రోజూ కేకలేసే మనిషికే.

మూడేళ్ల కింద నాకు జ్వరం వచ్చి తగ్గింది గుర్తుందా? జ్వరంతోపాటు నా ముక్కూ నాలుకా పోయాయి. ఆవిరి వాసనతోనే ఉప్పు చాలిందో లేదో చెప్పే నాకు, చేపకీ చెక్కకీ తేడా తెలియకుండా పోయింది. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాను, రోజుకి నాలుగు వందల మందికి వండి ఒక్కరిచేతా వంక పెట్టించుకోని మనిషిని! నా చేతికి తప్పే రాదని, నేను పోయాక ఏం వండుకుంటారో వెతుక్కుని చావండని మీ అందరినీ ఎగతాళి చేసిన నోరు ఇది.

భయంతో ఉప్పు వేయడమే మానేశాను. ఎక్కువైతే పరువు పోతుంది కదా. మొదటిరోజు చేపల కూర దించి పక్కకు తిరిగితే, అల్మారా అద్దంలో కనిపించింది కోడలు. రుచి చూసింది, నా వైపు చూసింది, గబుక్కున ఉప్పు తీసి వేసి, కలిపి, మూత పెట్టేసింది. మూడేళ్లుగా అదే పని. మొగుడికి కూడా చెప్పలేదు. నా చేత తిట్లు తింది, నోరు విప్పలేదు. పోయినసారి తప్పుల భోజనంలో నా చెయ్యి ఇంకా తప్పలేదని ఆడపడుచు మెచ్చుకుంటే నేను తలెత్తుకుని కూర్చున్నాను. అప్పుడు ఈ పిల్ల గిన్నెలు తోముతోంది. ఆ పూట నాకు సిగ్గేసింది, కానీ అంతకుమించి గర్వమనిపించింది. నా ఉప్పు కొలత నేను ఎవరికీ నేర్పలేదు. చూసి పట్టేసింది! నా నాలుక పోయినా నా రుచి ఈ ఇంట్లో పోలేదంటే అది ఆమె చలవే.

నేనున్నంతకాలం ఈ సంగతి బయట పెట్టను. ఆమె వేస్తూనే ఉండాలి, నేను అరుస్తూనే ఉండాలి.

7. ఇక నా తప్పు ఏదో మీకు దొరికింది. తప్పుల భోజనంలో నా వంతు చేపల కూర. ఉప్పు వేయకుండా దించండి. తర్వాత కోడలు వచ్చి వేస్తుంది. ఆమె వేసేటప్పుడు అందరూ పక్కకు తిరిగి నిలబడండి. మూడేళ్లు నేను నిలబడినట్టే, ఏమీ చూడనట్టు.

తేదీ: నవంబరు తొమ్మిది, ఆదివారం, మా వంటగది బల్ల దగ్గర.

సంతకం: పెద్దమ్మ

సాక్షులు:
మందుల షాపు ఆయన
క్యాంటీన్‌లో నా తర్వాత వంట పెద్ద అయిన ఆవిడ
(ఇద్దరూ సంతకం మాత్రమే చూశారు, లోపల రాసింది చదవలేదు.)