పది గంటల విమానం

15-11-2024, శుక్రవారం

ఎదురింటి టైలర్ రహమతుల్లా గారి భార్య సుల్తాన్ బీని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపివేశారు. ఇక చేయగలిగిందేమీ లేదన్నారట. కువైట్‌లో నర్సుగా ఉన్న కూతురు షబ్నంకు సోమవారం ఉదయం పది గంటల విమానంలో గన్నవరానికి టికెట్ దొరికింది. ఎనిమిదో తరగతిలో నా విద్యార్థిని. రేఖాంశాల పాఠంలో ఇరవైకి ఇరవై వేశాను.

17-11-2024, ఆదివారం

సుల్తాన్ బీ ఒకటే అడుగుతున్నదట, పిల్ల ఎక్కడిదాకా వచ్చిందని.

18-11-2024, సోమవారం, ఉదయం 9.00

తెల్లవారుజామున సుల్తాన్ బీ కన్నుమూసింది. షబ్నంకు చెప్పలేదు. ఒంటరి ప్రయాణం, ఫోన్ చేస్తే గొంతులోనే తెలిసిపోతుందని ఎవరూ చేయలేదు.

వారిలో ఖననం ఆలస్యం చేయరు. ఆడవారు శ్మశానానికి రారు. తల్లి ముఖం చూడాలంటే జనాజా గడప దాటకముందే చూడాలి. పిల్ల కోసం రాత్రి ఇషా నమాజు వరకు ఆగుతామని మసీదు పెద్దలన్నారు. రహమతుల్లా గారు నా దగ్గరకు వచ్చి, ఎన్నింటికి చేరుద్దో మీరు చెప్పండి మాస్టారూ, మీరు చెప్తే అదే టైం అన్నారు.

అట్లాసు తీశాను. దారం పరిచి స్కేలుతో కొలిచాను. మూడు వేల ఆరు వందల కిలోమీటర్లు. గంటకు ఎనిమిది వందల చొప్పున నాలుగున్నర గంటలు. పదికి బయలుదేరితే రెండున్నరకు గన్నవరం, నాలుగుకు తెనాలి.

వారబ్బాయి అఫ్జల్ ఫోన్ చూపించి, ఇందులో ఐదుకి దిగుద్దని ఉందేంటి సార్ అన్నాడు. "చేరుకోబడే సమయం" అని ఉంది. ఇదేం తెలుగని అడిగాను. పది నుంచి ఐదుకు ఏడు గంటలు. నీ విమానం రేపల్లె ప్యాసింజరా, ప్రతి స్టేషన్‌లో ఆగడానికి అన్నాను. బాపట్ల నుంచి వచ్చిన బంధువులొకరిద్దరు ఆ దుఃఖంలోనే నవ్వారు. అఫ్జల్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

ఇషా దాకా అక్కరలేదన్నాను. సాయంత్రం నాలుగున్నర అసర్ నమాజుకే నిశ్చయించారు.

రాత్రి 7.15

నాలుగున్నరకు రాలేదు. ఫోన్ ఆఫ్. మంగళగిరి దగ్గర ట్రాఫిక్ అయి ఉంటుందన్నాను. పావుగంట ఆగారు. మాస్టారు చెప్పిన టైం దాటింది, పిల్లకి విమానం తప్పిపోయుంటుంది అని ఒక పెద్దాయన అన్నాడు. జనాజా లేచింది.

ఐదూ పదికి మట్టి వేస్తుండగా అఫ్జల్ ఫోన్ మోగింది. ఇప్పుడే దిగాను భాయ్, వచ్చేస్తున్నానని అమ్మీకి చెప్పు అన్నది షబ్నం. పక్కనున్న అందరికీ వినిపించింది.

కువైట్‌లో పది అయితే మనకు పన్నెండున్నర. ముప్పై ఏళ్లు నేను చెప్పిన పాఠం.

రహమతుల్లా గారు నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

ఇందాకే కారు వచ్చి ఆగింది. కిటికీ మూశాను. వినిపిస్తూనే ఉంది.

21-11-2024, గురువారం

షబ్నం వచ్చింది. నమస్తే సార్ అన్నది. మూడు రోజులుగా క్షమాపణ వాక్యం కూర్చుకున్నాను. "నేను" అన్న మాట దాటి ముందుకు సాగలేదు.

అమ్మ ముఖం నిద్రపోయినట్టే ఉందని అందరూ అంటున్నారండీ, నన్ను ఊరుకోబెట్టడానికేమో, మీరైతే అబద్ధం చెప్పరు, ఎలా ఉంది సార్ అని అడిగింది.

పరాయి మగవారికి ఆ ముఖం చూపరు. తను మరిచిపోయింది. చూడలేదమ్మా అన్నాను.

సరే సార్ అని లేచింది.

25-11-2024, సోమవారం, మధ్యాహ్నం

గోడ గడియారాన్ని రెండున్నర గంటలు వెనక్కి తిప్పి పెట్టాను. అందులో పది కావస్తోంది. విమానం ఇంకా లేవలేదు.