ఇరవై రెండు పసుపు చుక్కలు

భీమవరం,
శుక్రవారం.

చిరంజీవి సుప్రజను దీవించి మీ మావయ్య హనుమంతరాజు వ్రాయు సంగతులు.

పదహారో తారీఖున ప్రణతిని పక్కన కూర్చోబెట్టుకుని ధనుష్కోటికి బయలుదేరాలని నువ్వు సెలవు పెట్టుకున్నావు. సూర్యతేజ తన చేతులతో కట్టిన ఆ బండి మీరిద్దరూ ఎక్కకూడదు. ఈ మాట చెప్పడానికి ఇక తొమ్మిది రోజులే మిగిలాయి కనుక ఇప్పుడు వ్రాస్తున్నాను. ఫోనులో రెండుసార్లు చెప్పబోయాను. ప్రణతి వెనకనుంచి తన టోపీ ఎక్కడుందని అడగడం వినబడి, ఇక్కడి ఎండల గురించి మాట్లాడి పెట్టేశాను.

నేనూ మీ అత్తయ్యా ఒంట్లో బాగానే ఉన్నాము. విశాఖలో మీరిద్దరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. అత్తయ్య మోకాలికి పాత మందే వాడుతోంది. దారిలో తినడానికని ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించింది. ఆ కుదుపులకు పొడి అయిపోతాయన్నాను. పొడైనా తీపే కదా అంది. ఆమెకు ఇంకా ఏమీ తెలియదు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి వరుసగా జవాబు చెబుతాను. పెట్రోలు టాంకు ముప్పై ఒక్క లీటర్లు పడుతుంది, మూడు వందల కిలోమీటర్లకు ధోకా లేదు. పైకప్పు లేని బండి కనుక వానకు టార్పాలిన్ కుట్టించాను. బ్రేకులు కొత్తవి వేశాను. ఇంజను గురించి నీకు దిగులు అక్కరలేదు, అది నా వయసు వాళ్ళందరికంటే ఆరోగ్యంగా ఉంది. ఇక ప్రణతి సీటు బెల్టు. దాన్ని బిగించడానికి సీటు వెనక పైపుకు రంధ్రం వేయవలసి వచ్చింది. మూడు మిల్లీమీటర్ల గోడ ఉన్న పైపులో డ్రిల్లు నిదానంగా దిగాలి. అది ఒక్కసారిగా లోపలికి పోయింది. బయటికి తీస్తే తుప్పు పొడి జారింది, అరచేతినిండా.

ఆ పైపులు ఎక్కడివో నీకు తెలుసు. రొయ్యల చెరువు మానేసినప్పుడు నీళ్ళు చిలికే ఏరియేటర్ల ఫ్రేములు షెడ్డులో పడి ఉన్నాయి. సూర్యతేజ కొత్త పైపులు కొంటానంటే, ఇంత గట్టి సరుకు ఇంట్లో పెట్టుకుని కొనడమెందుకని అడ్డుపడినవాణ్ణి నేను. అవి ఆరేళ్ళు ఉప్పునీటిలో నిలబడిన పైపులు. బోల్టు రంధ్రాల గుండా నీరు లోపలికి చేరి నిలిచింది. పైన రంగు చెక్కు చెదరలేదు.

వాటితోనే వాడు మూడేళ్ళు కష్టపడి బండి చట్రం కట్టాడు. చట్రం పైన తొడిగే రేకును ఇసుక మూట మీద పెట్టి, చెక్క సుత్తితో ఒక్కొక్క వంపూ కొట్టాడు.

ఇప్పుడు నీ ఉత్తరంలో చివరి మాట దగ్గరికి వస్తాను. చట్రం మీద పసుపు చుక్కలు ఉన్నాయి కనుక నీకు భయం లేదని వ్రాశావు. "నాన్నగారు చుక్క పెట్టారంటే ఏనుగు ఎక్కినా కదలదు" అని వాడు ఆసుపత్రిలో నీతో అన్నాడని కూడా వ్రాశావు. ఆ వాక్యం చదివిన తరువాత నేను భోజనానికి లేవలేకపోయాను.

గ్యాసు పైపులైన్ల మీద ముప్పై నాలుగేళ్ళు నేను చేసిన పని అదే. మందం కొలిచే మీటరు ప్రతి పైపు మీదా ఆనించి, అంకె చూసి, సరిగా ఉంటేనే పసుపు చుక్క పెట్టేవాణ్ణి. చూడకుండా ఒక్క చుక్కయినా పెట్టలేదు.

మన బండి మీద ఇరవై రెండు పెట్టాను.

నాలుగోసారి కీమో అయిన వారం అది. సాయంత్రం నాలుగు గంటలకు వాడు షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. నిలబడే ఓపిక లేదు. "చుక్కలు పెట్టేయండి నాన్నగారూ, రేపు రేకు బిగించేస్తానండి" అన్నాడు. మీటరు ఇంట్లో బీరువాలో ఉంది, తెస్తానన్నాను. "మీ చెయ్యే మీటరు కదండీ" అని నవ్వాడు.

నేను ఇంట్లోకి వెళ్ళలేదు. పైపులు బాగుండవేమోనని అనుమానం లేక కాదు, ఉండబట్టే వెళ్ళలేదు. మీటరు తెస్తే అంకె చెప్పవలసి వస్తుంది. చెబితే వాడు మొదటినుంచి కట్టాలి. అంత వ్యవధి వాడికి లేదని డాక్టరుగారు ఆ ముందురోజే నాతో అన్నారు. బ్రష్షు తీసుకుని చుట్టూ తిరిగి చుక్కలు పెట్టాను. వాడు ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు.

చిన్నప్పటినుంచి నా పని చూసినవాడు. నా చేతిలో మీటరు లేకపోవడం చూశాడు. నీతో ఆ ఏనుగు మాట నమ్మి అన్నాడో, నా పరువు కోసం అన్నాడో, ఎన్ని విధాల ఆలోచించినా తేలడం లేదు.

వాడు పోయి పధ్నాలుగు నెలలయింది. ఈ పధ్నాలుగు నెలల్లో ఏ ఒక్కరోజయినా నేను కొలిచి ఉండవచ్చు. ఎవరు నడుపుతారులే అనుకున్నాను. నువ్వు ప్రయాణం అనుకున్న తరువాత కూడా ముందు ఇంజను విప్పాను, తరువాత బ్రేకులు. ముందు చూడవలసినది చివరికి వదిలాను. నన్ను క్షమించమని అడగను. పసిదాన్ని దాని మీద కూర్చోబెట్టబోయాను.

మొన్న మీటరు తెచ్చి కొలిచాను. అందిన పైపులు పదిహేను. వాటిలో పదకొండు సగం మందం కూడా లేవు. రెండు చోట్ల ముప్పాతిక మిల్లీమీటరు. మిగిలిన ఏడూ రేకు వెనక ఉన్నాయి.

వెల్డింగు త్రిమూర్తులును పిలిపించాను. చట్రం కట్టేటప్పుడు సూర్యతేజకు తోడున్నవాడు. చుట్టూ రెండుసార్లు తిరిగి, "కొత్త పైపులేసి కట్టేద్దామండి రాజుగారూ, ఆయ్. కాకపోతే రేకు కొయ్యాలి. కోశాక అది చినబాబుగారు కొట్టిన రేకులా ఉండదండి, నేను కొట్టిందే అవుద్ది" అన్నాడు. ఏమీ ముట్టుకోకుండానే వెళ్ళి చేతులు కడుక్కున్నాడు.

స్టీరింగు విప్పి బీరువాలో పెట్టి తాళం వేశాను. ధనుష్కోటికి మీరు రైలు పోయేంతవరకు రైల్లో, ఆపైన బస్సులో వెళ్ళండి. సూర్యతేజ గీసిన దారి కాగితం ఇందులో పెడుతున్నాను, కిటికీలోంచి ప్రణతికి చూపించు. వాళ్ళ నాన్న బండి సంగతి దానికి ఎంతవరకు చెప్పాలో నీకే తెలుస్తుంది. నా మీద నమ్మకంతో, తాతయ్య బాగుచేస్తాడని మాత్రం చెప్పవద్దు.

రేకు కోయమంటావో, అలాగే షెడ్డులో ఉంచమంటావో నువ్వు చెప్పాలి. ఆ అర్హత నాకు పోయింది. కోస్తే వాడి చేతిపని పోతుంది. కోయకపోతే బండి కదలదు. కోసినా రోడ్డెక్కుతుందని మాట ఇవ్వలేను. రేకు వెనక ఉన్న ఆ ఏడు పైపులు ఎలా ఉన్నాయో నాకు తెలియదు.

ఇట్లు,
మీ మావయ్య
హనుమంతరాజు