చప్పుడు లేని డబ్బా

ఆదివారం, కోరుట్ల

టీవీకి తగిలించే కంప్యూటర్‌కు డబ్బా, అదే క్యాబినెట్, కొనాలని ఈరోజు మా ఆయనతో జగిత్యాల వెళ్లాను. దుబాయి నుంచి వచ్చినప్పటి నుంచీ ఆయనది ఒకటే పట్టు, చప్పుడు చేయనిదే కావాలని. మేమంతా పడుకున్నాక ఒక్కడే ఏం చూడాలనో అని నా అనుమానం.

దుకాణంలో పైన తిరిగే ఫ్యాను ఆపించి, ఒక్కో డబ్బాలోని చిన్న ఫ్యాన్లు తిప్పించి, దానికి చెవి ఆనించి విన్నాడు.

"గింతకంటే సప్పుడు లేనిది దొరకదన్నా," అన్నాడు దుకాణం భాయి.

"సినిమాల మాటలు ఇనవడాలె భాయ్. గిది గుయ్యిమంటే అన్నీ అండ్లనే కలిసిపోతయ్," అన్నాడు ఈయన.

అప్పుడు గమనించాను. ప్రతిసారీ ఎడమ చెవే పెడుతున్నాడు. దుబాయిలో ఏడేళ్లు జనరేటర్ల పక్కనే పని చేశాడు.

చివరికి మందపాటి తలుపున్న నల్ల డబ్బా తీసుకున్నాం. తిరుగు బస్సెక్కాం, అది ఇంకా కదలలేదు. కావాలనే ఆయనకు కుడివైపు కూర్చున్నాను.

"ఏమయ్యా, గీ చెవు ఇనవడుతలేదా?" అని మెల్లగా అడిగాను.

ఒళ్లో డబ్బా పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. మళ్లీ అడిగాను. తిరగలేదు.

ఇంటికొచ్చి ఇంతసేపైనా నిలదీయలేకపోయాను. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది? నాకు చెప్పనిది ఇదొక్కటేనా...