గాజుకంటికి కండరమా?

డులూత్, 1937 మార్చి 2

అయ్యా ఓబర్‌మేయర్ గారూ,

ఇక్కడ మేమంతా క్షేమం, మీరు చేసిన గాజుకన్ను తప్ప. రంపపు మిల్లులో చెక్కపేడు తగిలి కన్ను పోగొట్టుకున్న టోర్వాల్డ్ హౌగెన్‌ని. ఎండలోకి వెళ్తే మీ కన్నులో కంటిపాప చిన్నదవుతోంది, చీకటిపడితే పెద్దదవుతోంది. గాజుకి ఇదేం రోగమండీ! ఇరవయ్యో తారీకున గుడ్రున్‌తో నా పెళ్లి. "ఆ కన్ను సంగతి తేలితేగానీ చర్చిలో అడుగుపెట్టను" అని భీష్మించుకుంది. యాభై ఆరేళ్లకి దొరక్క దొరక్క దొరికిన సంబంధం. కాస్త కనికరించండి.

మీ టోర్వాల్డ్

తా.క.: చర్చి విందులో గుడ్రున్ వంక చూస్తుంటే పాప ఇంత పెద్దదైంది. పళ్లెంలో చేప వల్లేమో అనుకున్నాను. చేప తీసేసినా తగ్గలేదు.

చికాగో, మార్చి 5

టోర్వాల్డ్ గారికి,

మీ ఉత్తరానికి నా భార్య నవ్వింది, నాకు ఒళ్లు మండింది. కంటిపాప చుట్టూ రెండు కండరాలుంటాయి. ఒకటి ఉంగరంలా ఉండి, వెలుతురు పడితే సంచిమూతిలా బిగుసుకుంటుంది. రెండోది బండిచక్రం ఆకుల్లా పరుచుకుని, చీకట్లో పాపని లాగి తెరుస్తుంది. భయమేసినా, ఇష్టమైనవాళ్లు కనబడినా అంతే. అవి మన మాట వినవు. నేను వేసింది రంగు. రంగుకి ఎండెక్కడ తెలుస్తుంది? సాయంత్రాలు తాగడం తగ్గించండి.

ఇట్లు, ఓబర్‌మేయర్

తా.క.: ఇంతకీ ఏ కన్ను?

డులూత్, మార్చి 8

ఓబర్‌మేయర్ గారూ,

నేను కాఫీ తప్ప ఏదీ ముట్టను. కుడికన్నండీ. రోజూ పొద్దున్నే తీసి, ఉప్పునీళ్ల కప్పులో కడిగి పెట్టుకునేది నాకు తెలీదా? ఎడమదానితో చూస్తూనే ఇది రాస్తున్నాను. అది బుద్ధిగా ఉంటుంది, ఎండకీ నీడకీ చలించదు.

మీ టోర్వాల్డ్

తా.క.: కప్పులో ఉండగానే దీపం దగ్గర పెట్టాను. పాప ముడుచుకుంది. గుడ్రున్ కెవ్వుమని కప్పు మీద సాసర్ మూసింది.

చికాగో, మార్చి 11

టోర్వాల్డ్ గారూ,

మీ కన్ను చేసినప్పటి కాగితాలు తీసి మూడుసార్లు చూశాను. నేను చేసింది ఎడమకన్ను. కుడిది మీ సొంతది. దయచేసి దాన్ని ఇంకెప్పుడూ తియ్యకండి.

ఓబర్‌మేయర్

తా.క.: జవాబు రాయకపోయినా ఫరవాలేదు.

డులూత్, మార్చి 14

ఓబర్‌మేయర్ గారూ,

మీ ఉత్తరం గుడ్రున్‌కి చూపించి, ఇక పెళ్లి లేనట్టేనని కూలబడ్డాను. ఆమె లేచి సాసర్ తీసి కప్పులోకి చూసింది. ఆమె ముఖం కనబడగానే పాప మెల్లగా విచ్చుకుంది. "అయితే ఇది నీ సొంత కన్నే. అది ఎవరు చెప్పినా వినదని రాశాడుగా ఆయన. నన్నింత ఇష్టంగా ఎవరూ చూడలేదు టోర్వాల్డ్" అని కళ్లు తుడుచుకుంది. నేనూ ఏడ్చాను. కప్పులోనూ నీళ్లు పెరిగాయి. పెళ్లి ఇరవయ్యో తారీకునే. మీరు తప్పక రావాలి.

మీ టోర్వాల్డ్

తా.క.: మీరు చేసిన ఎడమది దేనికీ చలించదన్నాను కదా. కవరు మీద మీ పేరు రాసి అద్దంలో చూసుకున్నాను. దాని పాప ఇంత పెద్దదైంది.