ఐదో తీగ ఎందుకంటే

కరుణశ్రీ అక్కకు,

ఫోన్‌లో చెప్పడానికి సిగ్గేసి రాస్తున్నాను. చర్చికి బేస్ గిటార్ కొనడానికి నాయన, నేను, పాటలు నడిపించే ఆనందపాల్ కలిసి నిన్న నెల్లూరు వెళ్లాం. వాయించేది నేనే కాబట్టి ఐదు తీగలది అడిగాను.

"ఏందమ్మా, అందరూ నాలుగు తీగలదే వాయిస్తా ఉండారే?" అన్నాడు నాయన.

ఆనందపాల్ గొంతు బాగా కిందికి దిగుతుందని, అక్కడికి నాలుగు తీగలు చాలవని చెప్పాను. నాయన నమ్మక అతన్ని అక్కడే పాడమన్నాడు. అతని గొంతుకు కొట్టు అద్దాలు అదిరాయి. నేను లావుపాటి ఐదో తీగ మీటాను. రెండూ ఒక్కటై మోగాయి. ఇద్దరం ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ, పక్కన నాయన ఉన్నాడన్న సంగతే మరిచిపోయాం.

అదే కొన్నాం. తిరుగు బస్సు ఆత్మకూరు దాటింది. అప్పుడు నాయన మెల్లగా అడిగాడు.

"ఇది ఆ పిల్లోడి గొంతు కోసమా, పిల్లోడి కోసమా?"

నేను తల దించుకున్నాను.

"సరేలే. వాళ్ల నాయనతో మాట్లాడతా."

ముందు సీట్లో నిద్రపోతున్నాడనుకున్న ఆనందపాల్ కళ్లు తెరవకుండానే, "సాయంత్రం ఇంట్లోనే ఉంటాడు మామా" అన్నాడు.

ఆదివారం వాళ్లు మనింటికి వస్తున్నారు. నువ్వూ బావా ముందురోజే రండి.

నీ చెల్లెలు
ఉదయగిరి